మీకు తెలుసా? దవరాలోకి ఒంపితే పాలు తగ్గిపోతాయా?

చెన్నై చూలైలో మా పెద్దమ్మ ఇంట్లో పొద్దున్నే ఒక పంచాయితీ జరిగింది. అయిదేళ్ళ మనవరాలికీ, ఎనిమిదేళ్ళ మనవడికీ ఒకే గరిటెతో లెక్కపెట్టి పాలు పోసింది పెద్దమ్మ. పిల్లాడికి టంబ్లరులో, పిల్లకు వెడల్పాటి దవరాలో. "అవ్వా, అన్నకే ఎక్కువ పోశావు" అని పిల్ల మూతి ముడుచుకుంది. పెద్దమ్మ వాదన పెట్టుకోలేదు. దవరాలోని పాలు ఇంకో టంబ్లరులోకి ఒంపి, రెండు టంబ్లర్లూ పక్కపక్కన పెట్టింది. ఎత్తు సమానం. పిల్ల వంగి చూసి, తృప్తిగా, "ఇప్పుడు సరిపోయాయి" అంది.

గమనించారా? ముందే సమానంగా ఉన్నాయని అది ఒప్పుకోలేదు. టంబ్లరులోకి వచ్చాక పాలు పెరిగాయని దాని నమ్మకం.

ఆ పిల్లను చూసి నవ్వకండి. స్విట్జర్లాండ్‌కు చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త జాఁ పియాజే (1896–1980) పిల్లల ముందు సరిగ్గా ఇదే పని చేశాడు. రెండు ఒకేలాంటి గ్లాసుల్లో సమానంగా నీళ్ళు పోసి, పిల్లలు చూస్తుండగానే ఒకదాన్ని సన్నటి పొడుగు గ్లాసులోకి ఒంపి, "ఇప్పుడు ఎందులో ఎక్కువ?" అని అడిగాడు. ఏడేళ్ళలోపు పిల్లల్లో ఎక్కువమంది పొడుగుదాన్నే చూపించారు. వాళ్ళ కన్ను ఎత్తును పట్టుకుంటుంది, వెడల్పును వదిలేస్తుంది. ఏడెనిమిదేళ్ళకు లెక్క కుదురుకుంటుంది: "పొడుగైతే ఏం, సన్నగా ఉందిగా!" ఈ పరీక్ష చూడ్డానికి జెనీవా దాకా వెళ్ళక్కర్లేదు. చెన్నైలో ఏ టిఫిను హోటల్లోనైనా కాఫీని టంబ్లరు నుంచి దవరాలోకీ, దవరా నుంచి టంబ్లరులోకీ తిరగబోస్తూనే ఉంటారు. నురుగు పెరుగుతుంది, కాఫీ పెరగదు.

చూలై అంటే?

తమిళంలో ఆ మాటకు అర్థం బట్టీ. ఇటుకలూ కుండలూ కాల్చే బట్టీ. మన కుమ్మరులు ఆము అనేది అదే. ఇప్పుడు ఆ వీధుల్లో బట్టీ పొగ లేదు గానీ, దగ్గర్లోనే ఉన్న కోసపేట ఇవాళ్టికీ మట్టి వినాయకులకు, దసరా బొమ్మలకు పేరు. మట్టిపని చేసేవాళ్ళకు కొలతల గురించి బడిపుస్తకంలో కనిపించని ఒక సంగతి తెలుసు. పచ్చికుండ ఆరేటప్పుడు కొంత, కాలేటప్పుడు కొంత కుంచించుకుపోతుంది. పొడుగూ వెడల్పూ ఎత్తూ తలా పదోవంతు తగ్గాయనుకోండి, పెద్ద తేడా ఏముందిలే అనిపిస్తుంది. కానీ లోపల పట్టే నీళ్ళు పదోవంతు కాదు, పావువంతుకు పైగానే తగ్గుతాయి. పదిలో తొమ్మిదిని మూడుసార్లు హెచ్చవేసి చూడండి: 0.9ని 0.9తో, మళ్ళీ 0.9తో. వచ్చేది 0.729. వెయ్యి మిల్లీలీటర్లు పట్టాల్సిన పచ్చికుండ కాలాక 729 మాత్రమే పడుతుంది.

అదే కుండతో ఇంకో ముచ్చట. కుండను నీళ్ళతో నింపి కొలిస్తే వచ్చేది అది పట్టే నీళ్ళు, అంటే కుండ సామర్థ్యం. ఖాళీ కుండ మూతి గట్టిగా మూసి, అంచుదాకా నీళ్ళున్న తొట్టిలో పూర్తిగా ముంచితే పొర్లిపోయే నీళ్ళు కుండ ఆక్రమించిన చోటు. అది మొత్తం ఘనపరిమాణం. రెండోది ఎప్పుడూ ఎక్కువే. ఆ తేడా ఎక్కడికి పోయిందంటే, అదే కుండ చేసిన మట్టి.

ఎడు

తెలుగులో కొలతకు ఒక కిటుకు ఉంది. చేతికందిన దేనికైనా చివర "ఎడు" తగిలిస్తే చాలు, అది కొలపాత్ర అయిపోతుంది. చెంబెడు నీళ్ళు, గిన్నెడు పప్పు, బిందెడు, కడివెడు, సంచెడు. పాత్ర లేకపోయినా పర్వాలేదు, ఒళ్ళే పాత్ర: చిటికెడు ఉప్పు, పిడికెడు అటుకులు, గుప్పెడు శెనగలు, చారెడు, దోసెడు. ఆ తర్వాత ధైర్యం పెరిగి, కొలతకు దొరకనివాటిని కూడా కొలిచేశాం. గంపెడు ఆశ. బండెడు చాకిరీ. పుట్టెడు దుఃఖం. (వీధిలోకి నీళ్ళ లారీ ఎన్నేళ్ళుగా వస్తున్నా "లారెడు నీళ్ళు" అన్నవాళ్ళు మాత్రం నాకింకా తగల్లేదు. అందరూ "ఒక లోడు" అనే అంటున్నారు.)

పుట్టెడు అంటే ఎంతో చాలామందికి ఇప్పుడు తెలియదు. పాత లెక్క ఇది: నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక, రెండు మానికలు ఒక అడ్డ, రెండు అడ్డలు ఒక కుంచం, నాలుగు కుంచాలు ఒక తూము, ఇరవై తూములు ఒక పుట్టి. కూర్చుని హెచ్చవేస్తే పుట్టెడు దుఃఖమంటే 5,120 గిద్దల దుఃఖం. ఎవరికైనా అంత కష్టమొచ్చిందంటే జాలిపడాల్సిందే.

"కుంచమంత కూతురుంటే మంచంలోనే కూడు" అనే సామెత మీ ఇంట్లోనూ వినే ఉంటారు. కుంచమంత అంటే గింజలు కొలిచే ఆ పాత్రంత చిన్నదన్నమాట. కూతురు ఎంత చిన్నదైనా మంచంపట్టిన తల్లికి అన్నం అందుతుందని.

అయితే గుంటూరు జిల్లా కుంచమూ, చిత్తూరు జిల్లా కుంచమూ ఒకటే అనుకోకండి. పేరు ఒకటే గానీ పరిమాణం ఊరికో తీరుగా ఉండేది.

ఎనిమిది మాయ

ఇక మద్రాసు సంగతి. చూలైలో తెలుగువాళ్ళూ తమిళులూ గోడకు గోడ ఆనుకుని ఉండేవాళ్ళు కాబట్టి పెద్దమ్మ చిన్నప్పుడు ఇంట్లో సోల, తవ్వ, అంగట్లో ఆళాక్కు, పడి. ఎనిమిది ఆళాక్కులు ఒక పడి. ఎనిమిది పడులు ఒక మరక్కాల్. మన లెక్కలోనూ చూడండి, ఎనిమిది సోలలు ఒక అడ్డ, ఎనిమిది తవ్వలు ఒక కుంచం. ఎందుకు అందరూ ఎనిమిది దగ్గరే ఆగుతున్నారు?

సగం, సగంలో సగం, దానిలో సగం అని పంచుకుంటూ పోతే మూడో మెట్టులో ఎనిమిదోవంతు వస్తుంది. గింజలు పంచుకోవడానికి అంతకన్నా తేలికైన దారి లేదు. అది ఒకటి. రెండోది నాకు మరీ ఇష్టం. ఒక ఆళాక్కు గిన్నె తీసుకుని, అదే ఆకారంలో ఎత్తు రెట్టింపు, వెడల్పు రెట్టింపు చేసి ఇంకో గిన్నె చేయించండి. అందులో ఎన్ని ఆళాక్కులు పడతాయి? పిల్లల్ని అడిగితే రెండంటారు. కాస్త ఆలోచించినవాళ్ళు నాలుగంటారు. సరైన జవాబు ఎనిమిది. పొడుగు రెట్టింపు, వెడల్పు రెట్టింపు, ఎత్తు రెట్టింపు: రెండు రెళ్ళు నాలుగు, నాలుగు రెళ్ళు ఎనిమిది. అంటే ఆకారం అదే ఉంటే పడి అనేది ఆళాక్కుకు సరిగ్గా రెండింతల ఎత్తున్న అక్క. మరక్కాల్ పడికి రెండింతల ఎత్తున్న పెద్దక్క. ఎత్తులో నాలుగింతలే తేడా ఉన్న ఆళాక్కుకూ మరక్కాల్‌కూ లోపల పట్టే గింజల్లో 64 రెట్లు తేడా! దవరా దగ్గర అయిదేళ్ళ పిల్ల కన్నే కాదు, ఇక్కడ మన కన్ను కూడా మోసపోతుంది. బజార్లో "కొంచెం పెద్ద డబ్బా"కు రెట్టింపు ధర చెప్పినప్పుడు ఒక్కసారి దీన్ని తలుచుకోండి. ఎత్తులోనూ వెడల్పులోనూ డబ్బా పావువంతు పెరిగితే చాలు, లోపలి సరుకు దాదాపు రెట్టింపే.

కుంపిణీ నోట తెలుగు మాట

మరక్కాల్ కన్నా చాలా పెద్ద కొలత ఒకదాని పేరు ఈస్టిండియా కుంపిణీ దొరల కాగితాల్లో "గార్స్" అని ఉంటుంది. ఇంగ్లీషు మాటలా వినిపిస్తుంది గానీ అది మన గరిసె. ధాన్యం నిల్వచేసే గరిసె పేరే కొలతకూ వచ్చింది. 1886లో అచ్చయిన యూల్, బర్నెల్‌ల హాబ్సన్ జాబ్సన్ నిఘంటువు కూడా ఆ మాట తెలుగుదేనని రాసింది. మద్రాసు లెక్కలో 400 మరక్కాళ్ళు ఒక గరిసె, సుమారు 185 ఘనపుటడుగులు. లీటర్లలో చెప్పాలంటే 5,200 పైచిలుకు. ఒక చిన్న నీళ్ళ లారీ పట్టేంత.

లాభం, రెండు, మూడు...

కళ్ళంలో ధాన్యం కొలిచేటప్పుడు పెద్దలు "ఒకటి" అనరు. మొదటి కుంచానికి "లాభం" అంటారు, ఆ తర్వాతే రెండు, మూడు. పిల్లలకు ఇది భలే నచ్చుతుంది. మా పెద్దమ్మ మనవడు ఒకసారి నోటుపుస్తకంలో "లాభం + రెండు = మూడు" అని రాసి టీచరమ్మ చేత ఎర్ర గీత పెట్టించుకున్నాడు.

కొలిచేటప్పుడు అసలు తగాదా అంకెలో ఉండదు, అంచు దగ్గర ఉంటుంది. పాత్ర మీద గింజలు గోపురంలా నిలిచేదాకా పోయడమా, అంచుకు సమంగా చేత్తో గీసెయ్యడమా? గోపురంగా పోస్తే కొనేవాడికి లాభం, గీస్తే అమ్మేవాడికి. పైగా పాత్రను నేలకేసి రెండుసార్లు తడితే గింజలు సర్దుకుని ఇంకో పిడికెడు పడుతుంది. వెడల్పు మూతి పాత్ర అయితే గోపురం పెద్దది, ఇరుకు మూతి అయితే చిన్నది. ఇన్ని తిరకాసులు ఉన్నాయి కాబట్టే బియ్యం కొలపాత్ర వదిలి తక్కెడ ఎక్కింది. 1956లో వచ్చిన తూనికలు కొలతల చట్టంతో దేశమంతా కిలోలు, లీటర్లు అయ్యాయి. అయినా పడి పూర్తిగా పోలేదు. ఆయుధపూజ రోజుల్లో చెన్నై బజార్లలో బొరుగులు ఇంకా పడితోనే కొలుస్తారు. బొరుగుల్ని తూకం వేస్తే గోనె సంచి నిండినా తక్కెడ కదలదు కదా!

కొత్తకోడలు గడప దాటుతూ కాలితో తోసే బియ్యం మన ఇళ్ళలో చెంబులో ఉంటాయి, తమిళుల ఇళ్ళలో పడిలో. ఆ పడి ఏ చట్టానికీ లొంగలేదు.

ఇటుక ఎన్ని లీటర్లు?

పిల్లల్ని ఈ ప్రశ్న అడిగితే వింతగా చూస్తారు. ఇటుకను లీటర్లలో కొలుస్తారా అని! కొలవచ్చు. 19 సెంటీమీటర్ల పొడుగు, 9 వెడల్పు, 9 ఎత్తు ఉన్న ఇటుక 1,539 ఘన సెంటీమీటర్లు. వెయ్యి ఘన సెంటీమీటర్లు ఒక లీటరు కాబట్టి ఒక్కో ఇటుక లీటరున్నర పైచిలుకు. చుట్టూ సిమెంటు కలుపుకుంటే 20, 10, 10. అంటే సరిగ్గా రెండు లీటర్లు. ఘనమీటరు గోడకు 500 ఇటుకలని మేస్త్రీలు నోటిలెక్కగా చెప్పేది ఇందుకే.

ఇది కొత్త లెక్కేం కాదు. 9వ శతాబ్దంలో మహావీరాచార్యుడు సంస్కృతంలో రాసిన గణిత సార సంగ్రహంలో గోతుల కోసం ఖాత వ్యవహారం అని ఒక అధ్యాయమే ఉంది. ఎంత తవ్వితే ఎంత మట్టి, ఎంత గోడకు ఎన్ని ఇటుకలు అన్నవి అందులోని లెక్కలు. ఆ గ్రంథాన్నే పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. తెలుగులో తొలి గణిత గ్రంథం అదే. మన దగ్గర లెక్కలు పద్యంగా పుట్టాయని చెబితే ఇప్పటి పిల్లలకు లెక్కల మీద భయం తగ్గుతుందో, పద్యాల మీద భయం పెరుగుతుందో!

లీటరు కూడా తప్పు చేసింది

1795లో ఫ్రాన్సులో లీటరు పుట్టినప్పుడు దాని అర్థం సులువు. ఒక్కో వైపు 10 సెంటీమీటర్లున్న పెట్టెలో పట్టేది. 1901లో పండితులు దాన్ని మార్చి, ఒక కిలో నీళ్ళు ఆక్రమించే చోటు అన్నారు. రెండూ ఒకటే కావాలి, కాలేదు. తేడా ఎంతంటే వెయ్యి లీటర్ల ట్యాంకులో 28 మిల్లీలీటర్లు. ఆ రెండు పెద్ద చెంచాల తేడా అరవై ఏళ్ళు పైగా నడిచి, 1964లో మళ్ళీ పాత పెట్టె దగ్గరికే వచ్చి తీరింది.

మిద్దె మీద ఎన్ని లారీలు?

చెన్నైలో స్థలాన్ని గ్రౌండ్లలో చెబుతారు. ఒక గ్రౌండు 2,400 చదరపుటడుగులు, సుమారు 223 చదరపు మీటర్లు. వానను మాత్రం మిల్లీమీటర్లలో చెబుతారు. వాన పొడుగేమిటి, మరీ విడ్డూరం అనుకుంటాం. కిటుకు తెలిస్తే చాలా తేలిక: చదరపు మీటరు నేల మీద ఒక మిల్లీమీటరు వాన పడిందంటే ఒక లీటరు నీళ్ళు పడ్డట్టు. చెన్నైలో ఏడాదికి సుమారు 1,400 మిల్లీమీటర్ల వాన. అంటే ఒక్క గ్రౌండు మీద మూడు లక్షల లీటర్లకు పైనే. 2015 డిసెంబరు 1 వానలో తాంబరంలో 24 గంటల్లో 494 మిల్లీమీటర్లు పడింది. గ్రౌండుకు లక్షా పదివేల లీటర్లు, 9,000 లీటర్ల లారీలు పన్నెండు తెచ్చి ఒకే ఇంటి మీద కుమ్మరించినట్టు. నగరానికి ఊపిరాడకపోయిందంటే ఎందుకాడుతుంది!

నాలుగేళ్ళు తిరక్కుండానే, 2019 వేసవిలో చెరువులు ఎండిపోయాయి. జూలై 12న జోలార్‌పేట నుంచి నీళ్ళ రైలు విల్లివాక్కానికి వచ్చింది. 50 వ్యాగన్లు, 25 లక్షల లీటర్లు. టీవీలో చూసినవాళ్ళకు అది సముద్రంలా కనిపించింది. ఇప్పుడు పెన్సిలు తీయండి. చెన్నై చెరువుల నీటిని మిలియన్ ఘనపుటడుగుల్లో చెబుతారు. అలాంటిది ఒక్కటంటే 2 కోట్ల 83 లక్షల లీటర్లు, పదకొండు రైళ్ళకు పైన. మనం రెడ్‌హిల్స్ అనే పుళల్ చెరువు నిండితే 3,300 మిలియన్ ఘనపుటడుగులు. దాన్ని ఆ రైలుతో నింపాలంటే దాదాపు 37,400 సార్లు రావాలి. రోజుకొక రైలు చొప్పున 102 ఏళ్ళు.

పత్రికల్లో టీఎంసీ అని చదువుతుంటామే, అది ఇలాంటి మిలియన్ ఘనపుటడుగులు వెయ్యి. 1983లో కుదిరిన తెలుగు గంగ ఒప్పందంలో మద్రాసుకు రాసిపెట్టింది ఏడాదికి 15 టీఎంసీల కృష్ణా నీళ్ళు, దారిలో ఆవిరయ్యేది పోగా 12. ఆ నీళ్ళు కండలేరు జలాశయం నుంచి కాలువలో పూండి చెరువుకు చేరతాయి. పూండి మొత్తం నిండినా 3,231 మిలియన్ ఘనపుటడుగులే, మూడుంపావు టీఎంసీల లోపు. పన్నెండు టీఎంసీలూ ఒకేసారి పంపితే పెట్టుకోవడానికి చోటుండదు. సోలెడు గిన్నెలో మానెడు పోసినట్టే!

రెండు చిన్నవి

మందుల లెక్కలో ఇరవై చుక్కలు ఒక మిల్లీలీటరు. కొళాయి సెకనుకో చుక్క చొప్పున కారితే రోజుకు 86,400 చుక్కలు, నాలుగు లీటర్ల పైన. ఒక చిన్న కుక్కరు నిండిపోతుంది.

చెన్నైలో పెరిగిన బుల్లెట్ బండి గుర్తుందా? దాని 350 సీసీలో సీసీ అంటే ఘన సెంటీమీటరు. వీధంతా దద్దరిల్లే ఆ చప్పుడంతా, పిస్టన్ ఒక్క ఊపులో తుడిచే చోటు నుంచే పుడుతుంది. ఆ చోటు లీటరులో మూడోవంతు కన్నా కాస్త ఎక్కువ. రెండు టంబ్లర్ల కాఫీ.

ఈ వారం పని

ఒక పెద్ద పళ్ళెంలో గిన్నె పెట్టి, గిన్నెను అంచుదాకా నీళ్ళతో నింపండి. పిడికిలి బిగించి, మణికట్టుదాకా మెల్లగా ముంచండి. పళ్ళెంలోకి పొర్లిన నీళ్ళే మీ పిడికిలి ఘనపరిమాణం. కొలగ్లాసు లేకపోతే 10 మిల్లీలీటర్ల మందుసీసా మూతతో కొలవండి. చూలైలో నిన్న ఈ పని అయింది. వంటింటి నేలంతా నీళ్ళు, పెద్దమ్మ చేతిలో గుడ్డ. మనవరాలు మాత్రం వీధి గుమ్మం దాకా పరిగెత్తి చెబుతోంది:

"అవ్వా, అన్నది నాకంటే నాలుగు మూతలే ఎక్కువ!"